బంకమట్టి ముద్దయు ఫ్రోబెల్ మహాశయుడును

పసివాని చేతికి తడిమట్టి చిక్కినచో మన యిండ్లలో మొదట వినవచ్చునది మందలింపు. బట్టలు మాసినవనియు, చేతులు కడుగుకొమ్మనియు, ఆ పని మాని పలక పట్టుకొమ్మనియు పెద్దలు చెప్పుదురు. మట్టి పిసుకుట ఆట యనియు, పలకపై వ్రాయుట చదువనియు మనము ఏనాడో విభజించియుంచితిమి. ఈ విభజన తప్పని సుమారు రెండు శతాబ్దముల క్రిందటనే గ్రహించి, ఆ సత్యమునకై తన ధనమును, సుఖమును, కడకు అవసానకాలపు మనశ్శాంతిని సహితము ధారపోసిన జర్మను విద్యావేత్త యొకడు కలడు. ఆయన పేరు ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్. కిండర్‌గార్టెన్ అను మాటను సృష్టించినవా డాయనయే. పసిబిడ్డల తరగతులను ఎల్.కె.జి., యు.కె.జి. అని పిలుచునపుడెల్ల మనము తెలియకయే ఆయనను స్మరించుచున్నాము. పేరు నిలిచినది. ఆ పేరునకు ఆయన పెట్టిన అర్థము నిలిచినదా యనునది విచారింపవలసి యున్నది. అందులకు ఆయన జీవితమును తెలిసికొనుట యావశ్యకము.

ఫ్రోబెల్ 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన జర్మనీ దేశమున తురింగియా అడవుల నడుమ నున్న ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. విస్తారమైన పారిషు భారమును మోయువాడగుటచే గృహమునందు ఆయనకు తీరిక లేదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండునప్పటికే తల్లి మరణించెను. తండ్రి మరల వివాహమాడెను. సవతితల్లి మొదట ఆదరించినను, తనకు కుమారుడు కలిగిన పిదప ఈ బిడ్డను దూరముగ నుంచెను. మాటలాడువారు లేని ఆ యింట బాలునకు చెట్లును, పూవులును, పెరటి తోటయుమాత్రమే చుట్టములైనవి. బాల్యమున తనకు లభింపని దానినే పెద్దవాడై లోకమునందలి బిడ్డలకెల్ల ఈయదలచినవారిలో నీయన యొకడు.

పదియవయేట మేనమామ వచ్చి యాతనిని స్టాట్‌ఇల్మ్ పట్టణమునకు గొనిపోయెను. అచ్చట ఐదేండ్లు ప్రేమయు, స్వేచ్ఛయు, తోడి బాలురతో నాటలును లభించినవి. 1797లో ఆతనిని ఒక అటవీ యధికారియొద్ద పని నేర్చుకొనుటకై యుంచిరి. నేర్పువాడు అంతగా నేర్పలేదు గాని, అడవి నేర్పినది. రెండేండ్లు బాలుడు మొక్కలను పరిశీలించుచు, క్షేత్రగణితము చదువుకొనుచు గడపెను. 1799లో యేనా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ధనము చాలక అప్పులపాలై, తీర్చలేక, 1801లో తొమ్మిది వారములు విశ్వవిద్యాలయపు చెరసాలలో నుండవలసివచ్చెను. మరుసటి యేట తండ్రి గతించెను. అటుపిమ్మట కొన్ని సంవత్సరములు భూమికొలతలు, లెక్కల పద్దులు, ఎస్టేటు పనులు మున్నగువానితో ఊరూరు తిరిగెను. ఇరువదిమూడేండ్ల వయస్సునకు ఆయనకు స్థిరమైన వృత్తియు లేదు, ఆస్తియు లేదు.

1805లో గృహనిర్మాణ శాస్త్రము నభ్యసింపదలచి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు పోయెను. అచ్చట ఒక ఆదర్శపాఠశాలకు అధ్యక్షుడైన ఆంటన్ గ్రూనర్‌తో పరిచయము కలిగెను. ఈ యువకుని చూచి, నీవు కట్టవలసినది మేడలు గాదు, మనుష్యులనని గ్రూనర్ గ్రహించి, తన పాఠశాలలో ఉపాధ్యాయ పదవి నొసగెను. ఫ్రోబెల్ తరగతిలో నిలుచుండిన మొదటి దినముననే తాను పుట్టినది ఈ పనికే యని నిశ్చయించుకొనెను. ఆ యేటనే స్విట్జర్లాండులోని ఈవెర్డాన్‌కు పోయి పెస్టలోజీ మహాశయుని పాఠశాలను రెండు వారములు దర్శించెను. 1808 మొదలు 1810 వరకు మరల తన శిష్యులగు ముగ్గురు బాలురతో నచ్చటనే నివసించెను. వస్తువును కంటితో జూచి, చేతితో దాకి, పిదప మాటను నేర్చుకొనవలెనను పెస్టలోజీ సిద్ధాంతము ఆయన మనస్సున నాటుకొనెను. ఐనను ఆ పద్ధతికి కట్టుబాటు చాలదనియు, వస్తువుల నడుమ నుండు ఏకసూత్రమును బిడ్డకు చూపు క్రమ మొకటి కావలెననియు ఫ్రోబెల్‌కు తోచెను.

ఆ సూత్రము నాయన రాళ్లలో వెదకెను. గొట్టింగెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయములలో ప్రకృతిశాస్త్రముల నభ్యసించి, ఖనిజస్ఫటికముల శాస్త్రమునందు ఘనుడైన వైస్ పండితునికి శిష్యుడయ్యెను. స్ఫటికము లోపలినుండి ఒక నియమము ననుసరించి పెరుగును. బయటినుండి ఎవ్వరును దానిని చెక్కరు. మానవశిశువును అట్లే లోపలినుండి పెరుగునని ఫ్రోబెల్ విశ్వసించెను. 1813లో నెపోలియను సేనలపై జర్మనులు తిరుగబడినపుడు ఈయనయు లూట్సో స్వచ్ఛందదళమున సైనికుడుగా జేరెను. యుద్ధమున కీర్తి లభింపలేదు గాని, లాంగెటాల్, మిడెండార్ఫ్ అను ఇద్దరు యావజ్జీవ మిత్రులు లభించిరి. 1814లో బెర్లిన్‌కు తిరిగివచ్చి వైస్ పండితుని ఖనిజవస్తుశాలలో సహాయకుడయ్యెను. స్థిరమైన ఉద్యోగము, గౌరవము, జీతము అన్నియు అమరినవి.

వానినన్నిటిని 1816లో నాయన విడిచిపెట్టెను. యుద్ధకాలమున విషజ్వరమున మరణించిన యన్నగారి బిడ్డలు దిక్కులేకయుండిరి. వారు ముగ్గురును, మరియొక యన్నకుమారులిద్దరును, వెరసి ఐదుగురు బాలురతో గ్రీస్‌హైమ్ గ్రామమున పాఠశాలను స్థాపించి, మరుసటి యేట దానిని కైల్హావ్ పల్లెకు మార్చెను. మిడెండార్ఫును, లాంగెటాల్‌ను వచ్చి తోడైరి. 1818లో హెన్రియట్టా అను విదుషిని వివాహమాడెను. పేదరికమున నడచిన ఆ బడిలో చదువుతోపాటు తోటపని, కొయ్యపని, అడవులలో సంచారము, ఆటలు అన్నియు విద్యయే. 1826లో ఆయన మానవవిద్యనుగూర్చి తన ప్రధానగ్రంథమును ప్రకటించెను.

స్వతంత్రముగ ఆలోచించు బాలురను తయారుచేయు బడి ప్రభుత్వములకు కంటకముగ నుండుట ఏ దేశమునందైనను వింత గాదు. కైల్హావ్ పాఠశాల విప్లవవాదుల గూడని ప్రష్యా ప్రభుత్వము శంకించెను. విచారణకై వచ్చిన యధికారి బడిని చూచి మెచ్చుకొని అనుకూలముగ నివేదిక వ్రాసెను. ఐనను అపవాదు వ్యాపించినది, తల్లిదండ్రులు భయపడిరి. ఏబదిమందికి మించియుండిన విద్యార్థులు 1829 నాటికి ఐదుగురికి దిగిపోయిరి. 1831లో ఫ్రోబెల్ స్విట్జర్లాండునకు పోయి వార్టెన్‌జే, విల్లిసావ్ గ్రామములలో బడులు నడపెను. పిదప బుర్గ్‌డార్ఫ్‌లోని అనాథశరణాలయమునకు అధిపతియయ్యెను.

ఆ బుర్గ్‌డార్ఫ్‌లోనే ఆయన ఆలోచన కొత్తదారి పట్టినది. బడికి వచ్చు బిడ్డలు ఆరేడేండ్లకే ఒక విధముగ తయారై వచ్చుచుండిరి. కొందరి చేతులు నేర్పుగలవి, కొందరివి మొద్దుబారినవి. కొందరు ప్రశ్నింతురు, కొందరు మూగలవలె గూర్చుందురు. ఈ భేదము బడికి పూర్వమే, తల్లి యొడిలోను, ఇంటి ముంగిటను ఏర్పడుచున్నదని ఆయన కనుగొనెను. అంతవరకు ప్రపంచపు విద్యావేత్తలు అంతగా లెక్కపెట్టని మూడేండ్ల మొదలు ఆరేండ్లవరకు గల కాలమే విద్యకు పునాది యని నిర్ణయించుకొనెను. భార్యయొక్క అనారోగ్యమువలన 1836లో జర్మనీకి తిరిగివచ్చి, 1837లో కైల్హావ్‌కు సమీపముననున్న బాద్ బ్లాంకెన్‌బర్గ్ పట్టణమున పసిబిడ్డల ఆటపాటలకై యొక సంస్థను నెలకొల్పెను. అప్పటి కాయన వయస్సు ఏబదియైదు.

అచ్చట బిడ్డలకు ఆయన పుస్తకమీయలేదు, బంతి నిచ్చెను. ఉన్నితో నల్లిన ఆరు రంగుల మెత్తని బంతులు మొదటి కానుక. కొయ్యగోళము, కొయ్యఘనము, ఆ రెంటి గుణములను కలుపు స్తంభాకృతి రెండవది. ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు పెద్ద ఘనము మూడవది. పిదపటి కానుకలలో అవి ఇటుకలుగాను, మరింత సూక్ష్మభాగములుగాను మారును. వీనితో బిడ్డ ఇల్లు కట్టును, వంతెన కట్టును, విడదీసి మరల పెట్టెలో సర్దును. కానుక యెప్పుడును తన మొదటి రూపమునకు తిరిగిరావలెను, అది నియమము.

కానుకలతోపాటు ఆయన మరియొక తెగ పనులను కల్పించెను. కాగితము మడచుట, కత్తిరించుట, అల్లుట, సూదితో బొమ్మలు కుట్టుట, గీతలు గీయుట, నానిన బఠాణీగింజలకు సన్నని పుల్లలు గ్రుచ్చి ఆకృతులు నిర్మించుట, బంకమట్టితో బొమ్మలు చేయుట మున్నగున వీనిలో జేరును. వీనియందు వస్తువు మొదటి రూపమును విడిచి బిడ్డ యిచ్ఛ ననుసరించి మారిపోవును. ఈ వరుసకు వెనుక నొక తత్త్వము కలదు. ఘనమునుండి తలమునకు, తలమునుండి గీతకు, గీతనుండి బిందువునకు బిడ్డ దిగును. బఠాణీగింజ యను బిందువునుండి పుల్లయను గీతకు మరల నెక్కి, కడపట మట్టిముద్దలో సంపూర్ణమైన ఘనాకృతిని తన చేతులతో దానే సృష్టించును. చూచినదానిని పెద్ద లిచ్చిన కొయ్యలో గుర్తించుట మొదటి మెట్టు. దానినే రూపములేని ముద్దనుండి పుట్టించుట కడపటి మెట్టు. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు కుమారునకు బోధించునపుడు మట్టిముద్దను దృష్టాంతముగ గైకొనెను గదా! అనేకరూపములలో నొకే పదార్థమును జూచుట ఋషికి బ్రహ్మవిద్య. ఫ్రోబెల్‌కు అది శిశువిద్యకు ఆరంభము.

ఈ మట్టిపనిలో చదువేమున్నదని యడుగువారు కలరు. ముద్దను రెండు అరచేతుల నడుమ త్రిప్పినచో ఉండయగును. బల్లపై దొర్లించినచో కోలగా సాగును. నలువైపుల తట్టినచో ఘనమగును. బంతి, స్తంభము, ఘనము అను మూడు రూపములును పేర్లు తెలియకమునుపే వ్రేళ్లకు తెలియును. ఉండకు చిన్న కాడ గ్రుచ్చినచో పండు. నడుమ నొక్కినచో పక్షిగూడు. ఆ గూటిలో మూడు గ్రుడ్లు పెట్టుమనినచో లెక్క. పెద్దది, చిన్నది, పొడవు, పొట్టి, లావు, సన్నము అను మాటలు నోటికి వచ్చుటయే గాక అర్థముతోగూడ వచ్చును. ముద్దను సగము చేసి తమ్ముని కిమ్మనినచో భాగహారమునకు బీజము పడును. బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిపి గిల్లుట, నొక్కుట, సాగదీయుట ఆ వ్రేళ్లకు బలమిచ్చును. రేపు కలమును పట్టవలసినవి ఆ వ్రేళ్లే. వీనికంటె గొప్పది మరియొకటి కలదు. పలకపై తప్పు వ్రాసిన బిడ్డ తల వంచుకొనును. మట్టిబొమ్మ చెడినచో బిడ్డ దానిని ముద్దచేసి మరల మొదలుపెట్టును. ప్రయత్నమునకు భయపడని బుద్ధి అక్కడ అలవడును.

1840వ సంవత్సరము జూన్ 28వ తేదీన, అచ్చుయంత్రమును నెలకొల్పిన గుటెన్‌బర్గ్ మహోత్సవ సందర్భమున, ఫ్రోబెల్ తన సంస్థకు కిండర్‌గార్టెన్ అని పేరిడి లోకమునకు ప్రకటించెను. శిశువుల తోట యని దాని యర్థము. అది వట్టి యలంకారము గాదు. అందు ప్రతి బిడ్డకు నిజముగ నొక చిన్న మడి యుండెడిది. విత్తనము నాటి, నీరు పోసి, మొలకకై వేచియుండుట పాఠములో భాగము. తోటమాలి మొక్కను లాగి పొడుగుచేయడు. ఎరువు వేసి, కలుపు తీసి, ఎండ తగులనిచ్చును. ఉపాధ్యాయుడును అంతియే. ఈ పనికి స్త్రీలు మిక్కిలి తగినవారని ఫ్రోబెల్ నమ్మి, యువతులకు శిక్షణ నిచ్చెను. స్త్రీలకు వృత్తులే లేని ఆ కాలమున అది సాహసము. పలువురు ఉపాధ్యాయులు నవ్విరి. 1844లో తల్లులు బిడ్డలతో నాడుకొనదగిన పాటలను, వ్రేళ్లయాటలను బొమ్మలతో ప్రకటించెను.

భార్య 1839లోనే గతించినది. సంస్థకు ధనము లేదు. 1849లో బాద్ లీబెన్‌స్టైన్‌కు మకాము మార్చి, పల్లెబిడ్డలను వెంటబెట్టుకొని మైదానమున గెంతులు వేయుచు పాడుచుండిన ఆ ముసలివానిని జూచి జనులు పిచ్చివాడనుకొనిరి. అట్టివాడొకడు కలడని విని చూడవచ్చిన మారెన్‌హోల్ట్స్-బ్యూలో ప్రభ్వి, ఆ పిచ్చిలోని మహత్తును గ్రహించి శిష్యురాలై, ఆయన సిద్ధాంతమును దేశదేశములకు మోసికొనిపోయినది. 1851లో ఫ్రోబెల్ తన శిష్యురాలగు లూయీజ లెవిన్‌ను వివాహమాడెను.

ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీన పిడుగు పడినది. ప్రష్యా ప్రభుత్వము తన రాజ్యమున కిండర్‌గార్టెనులను నిషేధించెను. అవి నాస్తికమును, సామ్యవాదమును బోధించు సంస్థలట! ఫ్రోబెల్ అన్నకుమారుడగు కార్ల్ ఫ్రోబెల్ స్త్రీవిద్యనుగూర్చి ప్రకటించిన పుస్తకమును జూచి, అతని రాజకీయాభిప్రాయములను పినతండ్రికి అంటగట్టిరి. అది తన రచన గాదని ఫ్రోబెల్ ఎంత మొరపెట్టుకొన్నను మంత్రి ఉత్తరువును మార్చుకొనలేదు. జీవితమంతయు దైవమును, ప్రకృతిని, మానవుని ఏకసూత్రమున జూచిన వృద్ధుడు నాస్తికుడని ముద్రవేయబడెను. 1848 విప్లవమునకు బెదరిన పాలకులకు మూడేండ్ల బిడ్డల చేతిలోని మట్టియుండ సహితము తుపాకిగుండుగ గనబడినది.

1852 వసంతమున గోథా నగరమున సమావేశమైన ఉపాధ్యాయులు ఆయనను సగౌరవముగ నాహ్వానించి సన్మానించిరి. అది యాయన చూచిన కడపటి యాదరము. జూన్ 21వ తేదీన, డెబ్బదియవయేట, మారియెంటాల్ గృహమున గన్నుమూసెను. నిషేధము తొలగుట నాయన చూడలేదు. అది 1860లో తొలగినది. ష్వైనా గ్రామమునందలి సమాధిపై మిత్రులు ఘనము, స్తంభము, గోళము ఒకదానిపై నొకటిగా నిలిపిరి. బిడ్డల కాయన యిచ్చిన కానుకలే ఆయనకు స్మారకమైనవి.

ప్రభుత్వము స్వదేశమున అణచినది పరదేశముల మొలకెత్తెను. జర్మనీనుండి వలసపోయిన మార్గరెత షుర్ట్స్ 1856లో అమెరికాయందలి వాటర్‌టౌన్‌లో మొదటి కిండర్‌గార్టెన్‌ను తెరచెను. 1860లో ఎలిజబెత్ పీబాడీ బోస్టన్‌లో ఇంగ్లీషుభాషలో నొకటి స్థాపించెను. 1873లో సూసన్ బ్లో సెయింట్ లూయిస్ నగరపు ప్రభుత్వపాఠశాలలలో దానిని ప్రవేశపెట్టెను. ప్రఖ్యాత గృహశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్ననాట ఫ్రోబెల్ కానుకలతో నాడుకొన్నవాడే.

ఐతే శిష్యులు గురువునకు చేసిన యపచారమును గూడ చెప్పవలసి యున్నది. ఏ మడత ముందు, ఏ గీత వెనుక అను క్రమమును వారు మంత్రతంత్రముగ బట్టిరి. బిడ్డలందరు ఒకేసారి ఒకే బొమ్మను, ఉపాధ్యాయిని చెప్పినట్లు చేయవలసివచ్చెను. స్వేచ్ఛకై పుట్టిన ఆట కవాతుగా మారెను. జాన్ డ్యూయీ, స్టాన్లీ హాల్ మున్నగువారు దీనిని విమర్శించిరి. చిన్నబిడ్డల వ్రేళ్లకు, కండ్లకు ఆ సూక్ష్మమైన పనులు కొన్ని మించిన భారమని చూపిరి. ఆ విమర్శ న్యాయమే. ఫ్రోబెల్ కల్పించిన వరుస లన్నియు నేడు నిలువవు. నిలిచిన వానిలో ముఖ్యమైనది మట్టిముద్ద. ఏలయన, దానికి వరుసతో పనిలేదు; బిడ్డ యెంతవాడో అది యంతయే యగును.

ఆ ముద్ద కాలక్రమమున వేషములు మార్చినది. 1897లో ఇంగ్లండు దేశపు బాత్ నగరమున చిత్రకళోపాధ్యాయుడగు విలియమ్ హార్బట్ తన విద్యార్థులకై యెండిపోని బంకను కనిపెట్టి ప్లాస్టిసీన్ అని పేరిడెను. అమెరికాయందు సిన్సినాటి నగరమున, బొగ్గుమసి పట్టిన గోడకాగితములను తుడుచుటకై తయారైన పిండిముద్ద యొకటి, ఇండ్లలో బొగ్గు పొయ్యిలు తగ్గుటతో గిరాకి కోల్పోయెను. ఒక శిశుపాఠశాల ఉపాధ్యాయిని దానిని బిడ్డల కిచ్చి చూడగా వారు ఆనందముతో బొమ్మలు చేసిరి. 1956 నాటికి అదియే ప్లే-డో అను పేర అంగళ్లకు వచ్చినది. మనస్తత్వశాస్త్రజ్ఞుడు పియాజే సరిసమానమైన రెండు మట్టియుండలను బిడ్డకు చూపి, ఒకదానిని కోలగా సాగదీసి, ఇపుడు దేనిలో మట్టి యెక్కువ యని యడిగెను. చిన్నబిడ్డలు రూపము మారగానే పరిమాణమును మారినదనిరి, ఏడెనిమిదేండ్లవారు మారలేదనిరి. బిడ్డ బుద్ధియొక్క పెరుగుదలను కొలుచుటకు శాస్త్రము ఎన్నుకొన్న కొలబద్ద సహితము మట్టియుండయే యైనది.

ఈ విద్యకు వెల లేదు. రెండు గిన్నెల గోధుమపిండి, ఒక గిన్నె ఉప్పు, తగినంత నీరు, కొంచెము నూనె కలిపి చపాతీముద్దవలె పిసికి, చిటికెడు పసుపు చేర్చినచో చాలును. ఉప్పు పిండిని త్వరగా చెడనీయదు. కాని ఉప్పెక్కువగుటచే దానిని బిడ్డలు తినకుండ పెద్దలు కనిపెట్టియుండవలెను. మన బిడ్డలకిది పరాయి విద్యయు గాదు. ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టుట, గుజ్జనగూళ్లాడుట, వినాయకచవితికి బంకమన్నుతో స్వామిని చేయుట మన యిండ్ల ఆచారములే. వీధిబడి పంతులు సహితము ఓనమాలను మొదట ఇసుకలో వ్రేలితోనే దిద్దించెడివాడు.

2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్లవరకు గల వయస్సును పునాదిదశగ నెంచి, ఆటల మూలముననే విద్య గరపవలెనని నిర్దేశించినది. మాట మంచిదే. కాని మూడేండ్ల బిడ్డ వీపున పుస్తకపుసంచి నుంచి, వ్రేళ్లు నిలువకమునుపే పెన్సిలు పట్టించి, పుటలకొలది అక్షరములు దిద్దించు తరగతికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టుట, చెట్టులేని చోటికి తోటయని పలక కట్టుటవంటిది. ప్రష్యామంత్రి ఉత్తరువుతో ఆ తోటను మూసెను. మనము తొందరపాటుతో మూయుచున్నాము. మంత్రి నిషేధము తొమ్మిదేండ్లలో తొలగినది. మనది తొలగించుటకు ఏ శాసనసభయు సమావేశము కానక్కరలేదు. ప్రతి తల్లియు, ప్రతి ఉపాధ్యాయుడును దినమున కొక గడియ పలకను ప్రక్కనుంచి, బిడ్డ చేతిలో ఒక ముద్దనుంచి, ఏమి చేయవలెనో చెప్పక, ఏమి చేసితివని మాత్రము అడిగినచో చాలును.